సీసాలో రోన్ ఎరుపు: ఏళ్లు గడిచేకొద్దీ ఏమవుతుంది?

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ దాదాపు ఒకే వైన్ చుట్టూ తిరిగాయి. ఫ్రాన్సులోని రోన్ నది లోయ పద్ధతిలో, అంటే గ్రెనాష్, సిరా, మూర్వెద్ర ద్రాక్షలతో చేసే ఎర్ర వైన్ అది. ఇవే ద్రాక్షలు ఆస్ట్రేలియాలోని బరోసాలో, కాలిఫోర్నియాలోని పాసో రోబుల్స్‌లో, దక్షిణాఫ్రికాలోని స్వార్ట్‌లాండ్‌లో కూడా పండుతున్నాయి. కింది జవాబులు ఆ వైన్లకూ వర్తిస్తాయి.

ప్రశ్న: గ్రెనాష్, సిరా, మూర్వెద్ర కలిపిన వైన్ పన్నెండు సీసాలు కొన్నాను. కొత్తలో తెరిచినది పండ్ల వాసనతో గుప్పుమంది. నాలుగేళ్ల తర్వాత ఇంకొకటి తెరిస్తే వాసనే లేదు. నోరంతా వగరు, చివర్లో కాస్త చేదు. పాడైపోయినట్టేనా? మిగిలినవి వెంటనే తాగేయాలా?

జవాబు: తొందరపడకండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి అది పాడైన వైన్ కాకపోవచ్చు, ముడుచుకున్న వైన్ అయ్యే అవకాశమే ఎక్కువ. కొత్త వైన్‌లో గుప్పుమనే వాసనలో పెద్ద పాలు పులిసేటప్పుడు ఈస్టు తయారుచేసే ఎస్టర్లది. వైన్ పుల్లటి ద్రవం కాబట్టి వాటిలో చాలా భాగం ఒకటి రెండేళ్లలోనే విడిపోతుంది. తోలు, పుట్టగొడుగులు, ఎండు అంజూర వంటి వయసు వాసనలు రావడానికి ఇంకా ఏళ్లు పడుతుంది. అవి వెళ్లిపోయాయి, ఇవి ఇంకా రాలేదు. ఈ నడిమి దశలో నోటికి తెలిసేది టానిన్ల వగరు (ద్రాక్ష తొక్క, గింజల నుంచి వచ్చే పదార్థాలు ఇవి), ఆల్కహాల్ వేడి మాత్రమే. దక్షిణ రోన్‌లోని షాటోనెఫ్-దు-పాప్ తరహా వైన్లలో ఇది తరచుగా నాలుగో ఏడు నుంచి ఎనిమిదో ఏడు లోపు కనిపిస్తుంది. అన్ని సీసాలూ ఈ దశ గుండా పోవాలని లేదు. రోన్ లోయలో మామూలుగా దొరికే తేలికపాటి కోత్-దు-రోన్ ముడుచుకోకుండానే ముసలిదైపోతుంది.

అయినా నిర్ధారించుకోవడం మంచిది. మరో సీసా తెరిచి 60 మి.లీ. గ్లాసులో పోసి, మిగిలినది డికాంటర్‌లోకి (వైన్‌కు గాలి తగిలేలా పోసే గాజు కూజా) ఒంపండి. అరగంటకు ఒకసారి, రెండు గంటలకు ఒకసారి, మర్నాడు ఒకసారి రుచి చూడండి. గాలి తగిలేకొద్దీ పండు పైకి తేలితే అది ముడుచుకున్న వైనే. మిగిలిన సీసాలను కనీసం రెండేళ్లు కదపకండి.

గాలి తగిలేకొద్దీ తడిసిన అట్టపెట్టె వాసన పెరుగుతుంటే అది బిరడా తెగులు. ట్రైక్లోరోఅనిసోల్ అనే పదార్థం లీటరుకు గ్రాములో వంద కోట్ల వంతులు కొన్ని ఉన్నా చాలు, ముక్కుకు తెలుస్తుంది. అంతకంటే తక్కువ ఉన్నప్పుడే అసలు చిక్కు. అప్పుడు దుర్వాసన రాదు, పండు వాసన మాత్రం చచ్చిపోతుంది. ముడుచుకున్న వైన్‌కూ దీనికీ తేడా ఒక్క సీసాతో తేల్చలేం. రెండో సీసా తెరవమన్నది అందుకే. రెండూ ఒకేలా ఉంటే బిరడా తప్పు కాదు. ఎందుకంటే ఆ తెగులు సీసా సీసాకు వేరుగా వస్తుంది.

ఉడికించిన జామ్, ఎండు ద్రాక్ష వాసనతో చప్పగా ఉంటే వేడి తగిలిందని అర్థం. కోసి వదిలేసిన ఆపిల్ వాసన, గోధుమ రంగు అంచు ఉంటే గాలి చొరబడింది. సిరా పాలు ఎక్కువున్న వైన్లలో కుళ్లిన గుడ్డు వాసన రావడం కూడా ఉంది. అది ఆక్సిజన్ తక్కువై వచ్చే గంధకపు వాసన. గ్లాసును రెండు మూడు నిమిషాలు గట్టిగా తిప్పితే చాలాసార్లు పోతుంది.

ప్రశ్న: వయసుతో వైన్ మెత్తబడేది టానిన్లు ఒకదానికొకటి అతుక్కుని, బరువెక్కి అడుక్కి దిగిపోవడం వల్లనే అంటారు. నిజమేనా? రంగు ఎందుకు మారుతుంది?

జవాబు: సగం నిజం. మిగతా సగమే ఆసక్తికరమైనది కాబట్టి కాస్త నిదానంగా చెబుతాం.

ముందు రంగు సంగతి. ద్రాక్ష తొక్కలోంచి వచ్చే రంగు పదార్థాలు ఆంథోసయనిన్లు. విడివిడిగా ఉన్నంతకాలం ఇవి బలహీనమైనవి. వైన్ పీహెచ్ (పులుపు కొలత, ఇది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 3.5, 3.8 మధ్య ఉన్నప్పుడు వీటిలో కొద్ది భాగానికే రంగు ఉంటుంది. ఆ కొద్దిపాటి రంగు కూడా నిల్వ కోసం వేసిన సల్ఫర్ డయాక్సైడ్ తగిలితే వెలిసిపోతుంది. కాలం గడిచేకొద్దీ ఇవి టానిన్లతో జతకడతాయి. జతకట్టిన రంగును సల్ఫర్ అంత సులభంగా వెలిసేలా చేయలేదు, పులుపు మార్పుకూ అది తట్టుకుంటుంది. మొదటి కొన్నేళ్లలో విడి ఆంథోసయనిన్లు చాలా వరకు తరిగిపోతాయి. పదేళ్ల వైన్‌లో మీరు చూసే ఎరుపు దాదాపు అంతా ఈ జంటలదే.

ఈ జత కుదరడానికి రవ్వంత ఆక్సిజన్ కావాలి. వైన్‌లో సహజంగా ఉండే ఇనుము, రాగి ఆనవాళ్ల సాయంతో ఆక్సిజన్ ముందు ఫినాళ్ల మీద (టానిన్లు, రంగు పదార్థాలు ఈ కుటుంబానివే) పనిచేస్తుంది. అందులోంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. అది ఆల్కహాల్‌లో కొద్ది భాగాన్ని ఎసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. ఆ ఎసిటాల్డిహైడే రంగుకూ టానిన్‌కూ మధ్య వంతెన అవుతుంది. మంచి సహజ బిరడా గుండా ఏడాదికి సుమారు 1 మిల్లీగ్రాము ఆక్సిజన్ లోపలికి వస్తుంది. బిరడా బిరడాకు ఇది మారుతుంది. మొదటి కొన్ని నెలల్లో బిరడా కణాల్లో ఉన్న గాలి కూడా నొక్కుకుని వైన్‌లోకి వస్తుంది. ఒకే పెట్టెలోని రెండు సీసాలు ఇరవయ్యేళ్లకు వేర్వేరుగా తయారయ్యేది ఇక్కడే.

ఇంకో రకం రంగు కూడా పుడుతుంది. ఈస్టు విడిచిన పైరూవిక్ ఆమ్లంతో ఆంథోసయనిన్ కలిసినప్పుడు కాషాయపు ఛాయ ఉన్న పదార్థం ఏర్పడుతుంది. వంగపండు రంగు ముందు ఎరుపుకు, తర్వాత గోమేధికం రంగుకు, చివరికి ఇటుక రంగుకు దిగడం వెనక ఇవన్నీ ఉన్నాయి. మీరే చూడవచ్చు. గ్లాసులో మూడో వంతు పోసి, తెల్ల కాగితం మీదికి 45 డిగ్రీలు వంచండి. మధ్యలోని ముదురును పట్టించుకోకండి, గాజును తాకే అంచును చూడండి. అక్కడ వంగపండు ఛాయ ఉంటే కుర్ర వైన్. అంచు వెడల్పై గోమేధికం రంగులోకి తిరిగితే వయసు పని మొదలుపెట్టింది. అంచు నీళ్లలా పలచబడి, లోపలి వరకూ గోధుమ రంగు పాకితే ఇక దాచి ప్రయోజనం లేదు.

ఇప్పుడు వగరు. టానిన్ లాలాజలంలోని ప్రోటీన్లను పట్టి ముద్ద చేస్తుంది. నోరు పిడచకట్టుకుపోయేది అందుకే. సీసాలో టానిన్ గొలుసులు పొడవవుతాయి, వాటిలో కొన్ని అడుక్కి దిగుతాయి, ఇదీ నిజమే. కానీ వైన్‌లోని ఆమ్లం ఆ గొలుసులను తెంపుతూ కూడా ఉంటుంది. తెగిన ముక్కలు మళ్లీ వేరేలా కలుస్తాయి. రంగు అతుక్కున్న టానిన్ ప్రోటీన్లను మునుపటి అంత గట్టిగా పట్టదు. మడ్డి చాలా తక్కువగా ఉన్న సీసాలో కూడా వగరు మెత్తబడేది అందుకే.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. పచ్చి గింజల చేదుతో, పండు బలం లేకుండా మొదలైన వైన్‌ను ఎన్నాళ్లు దాచినా బాగుపడదు. చేదు కంటే ముందు పండే చచ్చిపోతుంది. చిగుళ్ల మీద, బుగ్గల లోపల సన్నగా పరుచుకునే వగరు మంచిది. గొంతు దగ్గర గీరుకునే చేదు అయితే నమ్మకండి.

ప్రశ్న: ఏ ద్రాక్ష పాలు ఎక్కువుంటే వైన్ ఎక్కువ కాలం నిలుస్తుంది?

జవాబు: గ్రెనాష్ ఆక్సిజన్‌కు లోకువ. తొక్క పలచన, రంగు తక్కువ, అంచు త్వరగా ఇటుక రంగుకు తిరుగుతుంది. దక్షిణ రోన్‌లో దీన్ని చిన్న పీపాల్లో కాకుండా కాంక్రీటు తొట్టెల్లో, పెద్ద కొయ్య తొట్టెల్లో పెట్టేది గాలి తక్కువ తగలాలనే. సిరా, మూర్వెద్ర దీనికి ఎదురు గుణం గలవి. ఇవి ఆక్సిజన్‌ను మింగేసి నిలబడతాయి. అందుకే మూడింటినీ కలుపుతారు. గ్రెనాష్ ఒళ్లు, ఆల్కహాల్ ఇస్తుంది. సిరా రంగు, పులుపు తెస్తుంది. మూర్వెద్ర వెన్నెముక. మూర్వెద్ర ఎంత గట్టిదో తెలియాలంటే రోన్‌కు పక్కనున్న ప్రొవాన్స్‌లోని బాండోల్ చూడాలి. అక్కడి ఎర్ర వైన్‌లో మూర్వెద్ర కనీసం సగం ఉండాలి, 18 నెలలు కొయ్యలో ఉండాలి అన్నది నియమం.

షాటోనెఫ్-దు-పాప్‌లో 13 రకాల ద్రాక్షకు అనుమతి ఉందని అందరూ చెబుతారు. నిల్వ విషయంలో చూడాల్సింది ఆ సంఖ్య కాదు, పాళ్లు. షాటో ద బోకాస్టెల్ తన ఎర్ర వైన్‌లో మూర్వెద్రను గ్రెనాష్‌తో సమానంగా వేస్తుంది, అది దశాబ్దాలు నిలిచే వైన్‌గా పేరుపడింది. అయితే గ్రెనాష్ నిలవదని తేల్చేయకండి. షాటో రయాస్ ఒక్క గ్రెనాష్‌తోనే చేస్తారు. అదీ దశాబ్దాలు నిలుస్తుంది. ముదురు తీగలు, తక్కువ దిగుబడి, చల్లని ఇసుక నేల ఉంటే గ్రెనాష్ మాటే వేరు.

ఉత్తర రోన్‌లో ఎరుపు అంతా సిరాదే. కోర్నాస్‌లో సిరా తప్ప మరొకటి ఉండదు. కోత్-రోటీలో తెల్ల ద్రాక్ష వియోన్యేను 20 శాతం వరకు, ఎర్మితాజ్‌లో మార్సాన్, రూసాన్‌లను 15 శాతం వరకు కలపవచ్చు. ఆచరణలో అంతకంటే బాగా తక్కువే వేస్తారు.

ఏళ్లలో చెప్పమంటారు కాబట్టి, చల్లగా నిల్వ చేసిన మంచి సంవత్సరపు వైన్లకు మా లెక్క ఇది. మామూలు కోత్-దు-రోన్ 2 నుంచి 5 ఏళ్లు. ఉత్తర రోన్‌లోని క్రోజ్-ఎర్మితాజ్ 4 నుంచి 10. దక్షిణ రోన్‌లోని జిగొండాస్ 5 నుంచి 12, గట్టివైతే 15. షాటోనెఫ్, కోర్నాస్, కోత్-రోటీ 8 నుంచి 20. ఎర్మితాజ్‌ను పన్నెండేళ్లలోపు తెరవడం పచ్చికాయ కోసినట్టే, ముప్పై దాటినా ఆశ్చర్యం లేదు. 1961 నాటి ఎర్మితాజ్ లా షాపెల్‌ను గత శతాబ్దపు మహా వైన్లలో ఒకటిగా లెక్కిస్తారు. బరోసా, పాసో రోబుల్స్ వంటి వేడి ప్రాంతాల మిశ్రమాలు మొదటి నుంచే మెత్తగా ఉంటాయి. చాలావాటికి పదేళ్లు హద్దు అనుకోండి.

ప్రశ్న: వైన్ పాతబడేకొద్దీ ఆల్కహాల్ పెరుగుతుందా?

జవాబు: పెరగదు. చక్కెర అయిపోయింది, పులియడం ఆగిపోయింది. 15 శాతం ఉన్న వైన్ ఇరవయ్యేళ్ల తర్వాతా 15 శాతమే. పండు తగ్గేసరికి దాని వెనక దాగిన వేడి బయటపడుతుంది, అంతే. కొత్తలోనే గొంతులో మంటగా అనిపించిన వైన్ ఎక్కువ కాలం దాచడానికి తగదనడం అందుకే.

ప్రశ్న: పన్నెండేళ్ల సిరా ఒకటి నల్ల ఆలివ్, ట్రఫుల్ (నేలలో పెరిగే ఘాటైన పుట్టగొడుగు) వాసన వచ్చింది. మరొకటి గుర్రపుశాల వాసన వచ్చింది. రెండూ వయసు వాసనలేనా? కొత్తలో ఉన్న మిరియాల ఘాటు ఏమైంది?

జవాబు: మొదటిది వయసుది. రెండోది కాదు.

ద్రాక్షలో ఉండే ఎస్-మిథైల్‌మిథియోనిన్ అనే పదార్థం సీసాలో నెమ్మదిగా విడిపోయి డైమిథైల్ సల్ఫైడ్ ఇస్తుంది. ఇది ఏళ్లతో పెరుగుతుంది, వేడిలో ఇంకా త్వరగా పెరుగుతుంది. కొంచెం ఉన్నప్పుడు ఎర్ర, నల్ల పండ్ల వాసనను పైకి లేపుతుంది. ఇంకాస్త ఎక్కువైతే ఆలివ్, ట్రఫుల్. మరీ ఎక్కువైతే ఉడికించిన మొక్కజొన్న, క్యాబేజీ. అంటే మంచి వాసనా చెడ్డ వాసనా ఒకే పదార్థానివి, తేడా మోతాదులోనే. వెచ్చటి చోట పెట్టిన సిరా ఆలివ్ దగ్గర ఆగక మొక్కజొన్న దాకా పోతుంది. ఇది 37 డిగ్రీల సెల్సియస్‌కే మరిగే పదార్థం, కాబట్టి గ్లాసులో అరగంట ఉంచితే కొంత ఎగిరిపోతుంది.

గుర్రపుశాల, కట్టు బ్యాండేజీ, చెమటపట్టిన జీను వాసన బ్రెటనోమైసిస్ అనే ఈస్టు పని. అది ఇథైల్‌ఫినాల్ అనే పదార్థాలను తయారుచేస్తుంది. పీపాలు సరిగా కడగకపోతే, పీహెచ్ ఎక్కువై సల్ఫర్ తక్కువైతే చేరుతుంది. వడకట్టని వైన్‌ను వెచ్చటి చోట పెడితే సీసాలో కూడా పెరగగలదు. గాలికి పోదు. రవ్వంత ఉంటే పాత దక్షిణ రోన్ గుణమని ఇష్టపడేవాళ్లున్నారు. మా అభిప్రాయం వేరు. అది అన్ని వైన్లకూ ఒకే వాసన పూస్తుంది, ద్రాక్షనూ నేలనూ కప్పేస్తుంది.

మిరియాల ఘాటు రొటుండోన్‌ది. సిరాలో ఇదే ఆ వాసనకు మూలమని ఆస్ట్రేలియన్ వైన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2008లో వెల్లడించారు. ఎస్టర్లలా ఇది సీసాలో త్వరగా విడిపోదు, చాలాకాలం నిలుస్తుంది. మీకు తగ్గినట్టు అనిపించింది తోలు, ఆలివ్ వాసనలు దాని ముందుకొచ్చి నిలబడటం వల్ల. ప్రతి అయిదుగురిలో సుమారు ఒకరి ముక్కుకు రొటుండోన్ అసలు తెలియదు. కాబట్టి పక్కనున్నవారితో మిరియాలున్నాయా లేవా అని వాదించకండి.

ప్రశ్న: నేలమాళిగ లేదు. అలమరలో 24, 25 డిగ్రీలు ఉంటుంది. మామూలు ఫ్రిజ్‌లో పెట్టనా?

జవాబు: రెండేళ్లకు మించి దాచాలనుకుంటే 12 నుంచి 14 డిగ్రీలు, 60 నుంచి 75 శాతం తేమ, చీకటి. ఈ మూడూ కావాలి. పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్యలు సుమారు రెండింతలు వేగంగా జరుగుతాయి. 24 డిగ్రీల్లో పెట్టిన వైన్ త్వరగా పాకానికొస్తుందని కొందరు సంతోషిస్తారు. రాదు. అన్ని చర్యలూ ఒకే నిష్పత్తిలో వేగం పుంజుకోవు. పండు పోవడం, రంగు గోధుమకు తిరగడం ముందుకు దూకుతాయి, వగరు మెత్తబడటం వెనకబడుతుంది.

ఎక్కువగా నష్టం చేసేది ఒక్కసారిగా తగిలే వేడి. లెక్క చూడండి. సీసా మెడ లోపలి వ్యాసం 18.5 మి.మీ. 24 మి.మీ. బిరడాను నొక్కి అందులో దించుతారు. బిరడాకూ వైన్‌కూ మధ్య 15 మి.మీ. ఖాళీ ఉంటే అది దాదాపు 4 మి.లీ. గాలి. 750 మి.లీ. వైన్‌ను 15 డిగ్రీల నుంచి 35కు తీసుకెళ్తే అది 4, 5 మి.లీ. ఉబ్బుతుంది. గాలికి చోటుండదు, బిరడా పైకి జరుగుతుంది, లేదా వైన్ పక్కల నుంచి ఊరుతుంది. మళ్లీ చల్లబడినప్పుడు అదే దారిన బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. ఎండలో నిలిపిన కారులో ఒక్క మధ్యాహ్నం చాలు. రేకు తొడుగు తిప్పి చూడండి. తిరగకుండా అంటుకుపోయి ఉంటే, బిరడా సీసా అంచు కంటే పైకి వచ్చి ఉంటే, ఆ సీసాను ముందు తాగేయాలి.

మామూలు ఫ్రిజ్ కొన్ని వారాలకు పనికొస్తుంది. ఏళ్లకు కాదు. 4 డిగ్రీల్లో వయసు దాదాపు ఆగిపోతుంది, గాలి పొడిగా ఉండి బిరడా ఎండుతుంది. ఉష్ణోగ్రత పెట్టుకోగల వైన్ క్యాబినెట్ కొనలేకపోతే, అలమరలో ఉంచేవాటిని ఒకటి రెండేళ్లలో తాగే వైన్లకే పరిమితం చేయండి. ఎర్మితాజ్ మాత్రం అక్కడ పెట్టకండి, మనసు కష్టపెట్టుకుంటారు.

ప్రశ్న: ఇరవై రెండేళ్ల షాటోనెఫ్ సీసా ఉంది. బిరడా విరగకుండా, మడ్డి కలవకుండా తెరిచే పద్ధతి చెప్పండి.

జవాబు: రెండు రోజుల ముందే సీసాను నిలువుగా పెట్టండి. మడ్డి సన్నగా ఉంటే వారం ముందు పెట్టినా తప్పు లేదు. తెరవడానికి ఒక గంట ముందు 16 డిగ్రీలకు తీసుకురండి. గ్లాసులో ఎలాగూ 18కి వస్తుంది.

తెరిచేటప్పుడు సీసాను బల్ల మీదే నిలబెట్టండి, తిప్పకండి, చేతి మీద వంచకండి. రేకును పూర్తిగా తీసేయండి, పోసేటప్పుడు మెడ లోపల కనబడాలి. బిరడా పైన నల్లగా బూజు ఉంటే తడిబట్టతో తుడవండి. అది తేమగల గదిలో ఉన్నదనడానికి గుర్తే తప్ప తెగులు కాదు. పాత బిరడాకు సర్పిలపు మర తిప్పితే మధ్యలో తొలిచేస్తుంది, కింది సగం విరిగి మెడలోనే ఉండిపోతుంది. అందుకు రెండు రేకుల ఓపెనర్ వాడండి. పొడవు రేకును ముందుగా బిరడాకూ గాజుకూ మధ్య దించి, తర్వాత పొట్టి రేకును అవతలి వైపు దించాలి. రెండింటినీ అటూ ఇటూ ఊపుతూ నెమ్మదిగా కిందికి నొక్కాలి. పిడి బిరడాను తాకాక మెల్లగా మెలితిప్పుతూ పైకి లాగాలి. లాగడం కాదు ముఖ్యం, తిప్పడం. ఊపేటప్పుడు బిరడా కిందికి జారుతుంటే ఆపేసి, కోణం మార్చి సర్పిలాన్ని ఏటవాలుగా దించి బయటికి తీయండి. విరిగి లోపల పడితే కంగారు వద్దు, సన్నని స్టీలు జల్లెడలో వడకట్టండి. కాగితపు కాఫీ ఫిల్టర్ వాడకండి, కాగితం వాసన అంటుతుంది.

పోయడం అసలు పని. మెడ కింద టార్చి లైటు పెట్టి, వెలుగు పైకి వచ్చేలా చూసుకోండి. ఒక్కసారి వంచాక మధ్యలో నిటారుగా తేకండి, తెచ్చారంటే అడుగునున్నదంతా లేస్తుంది. మొదట తేటగా వస్తుంది. మూడు వంతులు అయ్యేసరికి మెడలోకి పొగలాంటి తీగ ఒకటి పాకుతూ వస్తుంది. దాని వెనకే నల్లటి రేణువులు. పొగ మెడ మధ్యకు వచ్చినప్పుడే ఆపేయండి. సీసాలో 50, 60 మి.లీ. మిగులుతుంది. దాన్ని త్యాగం చేయాల్సిందే, అందులో చేదు ఉంది.

డికాంటర్‌లోకి పోశాక గంటల తరబడి ఉంచకండి. ఇరవై దాటిన గ్రెనాష్ వాసన 15 నుంచి 30 నిమిషాల్లో విరిసి, గంటన్నరలో వాడిపోవచ్చు. ఎనిమిదేళ్ల కోర్నాస్ అయితే రెండు మూడు గంటలు గాలికి పెట్టండి. అడుగున గాజు ముక్కల్లా మెరిసే పలుకులు కనిపిస్తే భయపడకండి. అవి టార్టరిక్ ఆమ్లపు లవణ స్ఫటికాలు, హాని లేదు.

ప్రశ్న: పాత సీసా కొనేటప్పుడు వైన్ మట్టం ఎక్కడుండాలి?

జవాబు: రోన్ సీసాకు భుజాలు ఏటవాలుగా ఉంటాయి. కాబట్టి బోర్డో సీసాలకు చెప్పే భుజం లెక్కలు దీనికి పనికిరావు. బిరడా కింది అంచు నుంచి వైన్ దాకా సెంటీమీటర్లలో కొలవాలి. పదిహేనేళ్లలోపు సీసాకు 2 సెం.మీ. దాటకూడదు. ముప్పై ఏళ్లదానికి 4, 5 సెం.మీ. సహజం. 7 దాటితే పేరు ఎంత గొప్పదైనా వదిలేయండి. మట్టంతోపాటు రంగు కూడా చూడండి. సీసా వెనక టార్చి పెడితే మెడలోని వైన్ ఎర్రగా కనబడాలి, టీ రంగులో కాదు.

ప్రశ్న: పెద్ద సీసాలో వైన్ నెమ్మదిగా ముదురుతుందా? స్క్రూ మూత వేసినవి అసలు ముదరవా?

జవాబు: 1.5 లీటర్ల మాగ్నమ్‌లో వైన్ రెండింతలు, మెడ మాత్రం దాదాపు అంతే. ఒక్కో లీటరుకు అందే గాలి తగ్గుతుంది కాబట్టి నెమ్మదిగా ముదురుతుంది. 375 మి.లీ. సగం సీసాకు ఇది తలకిందులు, ముందు దాన్నే తాగండి. స్క్రూ మూతలోనూ ముదురుతుంది. రంగు, టానిన్ల జతలు కొన్ని గాలి లేకుండానే కుదురుతాయి. కాకపోతే నడక నెమ్మది, సీసా సీసాకు తేడా తక్కువ. సిరాకు స్క్రూ మూత వేసినప్పుడు గంధకపు వాసన చిక్కుకుపోవచ్చు. అలాంటివాటిని తాగడానికి గంట ముందు డికాంటర్‌లోకి ఒంపండి.

ప్రశ్న: నా దగ్గర ఆరే సీసాలున్నాయి, జిగొండాస్. ఎప్పుడెప్పుడు తెరవాలి? సరైన సమయం వచ్చిందని ఎలా తెలుస్తుంది?

జవాబు: కొన్న ఏడాదే ఒకటి తెరవండి. ఇది వృథా కాదు, మిగిలిన అయిదింటికీ కొలమానం ఇదే. రెండోది కోత జరిగిన ఏడు నుంచి ఆరో ఏట. అది ముడుచుకుని ఉంటే మూడోదాన్ని తొమ్మిదో ఏటికి జరపండి. విరిసి ఉంటే ఎనిమిదో ఏడే చాలు. మూడోదాంట్లో పండు, తోలు రెండూ కలిసి వినబడుతుంటే అదే సమయం. నాలుగు, అయిదు సీసాలను రాబోయే రెండు మూడేళ్లలో తాగండి. ఆరోదాన్ని పన్నెండో ఏటి దాకా ఉంచవచ్చు. ప్రతిసారీ నాలుగు సంగతులు రాసిపెట్టుకోండి: అంచు రంగు, మొదటి అయిదు నిమిషాల్లో వచ్చిన వాసన, వగరు నోట్లో ఎక్కడ తెలిసిందో, గంట తర్వాత ఏం మారిందో. ఆరేళ్ల కిందటి రుచిని జ్ఞాపకం మీద వదిలేస్తే మనసు తనకు నచ్చిన కథ చెబుతుంది.

ఇంకా నమ్మకమైన పరీక్ష ఒకటుంది. తెరిచిన సీసాలో సగం వైన్‌ను శుభ్రమైన 375 మి.లీ. సీసాలోకి వెంటనే అంచు దాకా నింపి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. అది మూడు నాలుగు రోజులు నిలుస్తుంది. మిగతా సగాన్ని అసలు సీసాలోనే, బిరడా వదులుగా పెట్టి, చల్లటి గదిలో ఒక రాత్రి ఉంచండి. మర్నాడు రెండూ పక్కపక్కన, ఒకే చల్లదనానికి తెచ్చి రుచి చూడండి. గాలి తగిలిన సగం నింపిన సగం కంటే విప్పారి, మెత్తగా ఉంటే మీ మిగిలిన సీసాలకు ఇంకా నాలుగైదేళ్ల ఆయువుంది. రెండూ సమానంగా ఉంటే రెండేళ్లు. గాలి తగిలిన సగం చప్పబడి, ఆపిల్ వాసన మొదలైతే వచ్చే ఏడాదిలోపే మిగతావి తెరిచేయండి.